ఎదురింటి పెద్దమ్మ, ఏడు గురుగులు

సోమవారం మధ్యాహ్నం, వనపర్తిలో మా బడి తిండి గంటలో ఉండగా, గద్వాల నుంచి నూలు మూటలు తెచ్చే మనిషి నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. భుజం మీది మూట దించకుండానే చెప్పాడు. మా ఎదురింటి పెద్దమ్మ చనిపోయింది. ఆదివారం పొద్దున తూర్పు గోడకు, చూరు అంచున పరిచిన చూరుబండ కింద, కొర్ర కంకుల కుచ్చు కట్టి, పగిలిన కుండ పెంకులో పిట్టలకు నీళ్లు పోసి, అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చున్నదట. ఎండ అరుగెక్కినా లేవకపోయేసరికి మా అమ్మ పోయి చూసిందట.

"ఏం బాధ వడలే. కూసున్నది కూసున్నట్టే," అని ఆయన రెండుసార్లు చెప్పాడు. మళ్లీ, నేను అడగకుండానే, "పిట్టలు గూడ బెదరలేదంట. గింజలు తింటనే ఉన్నయంట," అన్నాడు.

మేష్టరుగారి అనుమతి తీసుకుని బయలుదేరాను. రైలు కోసం స్టేషనులో కూర్చుని ఈ కాగితాలు మొదలుపెట్టాను. మిగతాది మా ఇంటి అరుగు మీద, ఆమె ఇంటికి ఎదురుగా కూర్చుని రాస్తున్నాను.

చదివేవారికి ఆమె ఎవరో తెలియదు. మా నేతవాళ్ల వీధి దాటితే గద్వాలలోనే చాలామందికి తెలియదు. వీధిలో చిన్నా పెద్దా అందరూ ఆమెను పెద్దమ్మ అనే పిలిచేవారు. మా నాయిన మాత్రం అక్కా అనేవాడు. పుట్టిల్లు గట్టు. పిల్లలు లేరు. మగ్గం నేసే భర్త నేను పుట్టక ముందే పోయాడు. అప్పటి నుంచి ఆమె అరుగు మీద రాట్నం పెట్టుకుని వీధిలోని మగ్గాలకు కండెలు చుట్టి బతికింది. చిన్నప్పుడు గట్టులో జొన్న చేనికి కాపలా ఉండేదట. మంచె మీద నిలబడి వడిసెలతో రాళ్లు విసిరి పిట్టలను తోలేదట. ఆ సంగతి చెప్పినప్పుడల్లా తనలో తాను నవ్వుకునేది. "అరిస్తె పిట్ట పక్క చేనుకు వోతది, కొడుకా. అక్కడోడు అరిస్తె మళ్ల మన చేనుకొస్తది. పదేండ్లు గదే పని జేసిన. ఒక్క పిట్ట గూడ ఊరు ఇడిసి పోలె."

పిచ్చుకను ఆమె గుబ్బి అనేది. కన్నడ సీమ దగ్గరి ఊళ్ల మాట అది. నేను మాటలు పోగు చేసే పుస్తకం ఒకటి పెట్టుకున్నాను. అందులో మొదటి పేజీలో మొదటి మాట గుబ్బి.

మా వీధికి పిచ్చుకలతో ఉన్న పేచీ ఏమిటో చెప్పాలి. మావి మట్టి మిద్దెలు. దూలాల మీద దంతెలు, వాటి మీద కట్టెలు, ఆపైన మట్టి. దూలం గోడలోకి దిగిన చోటల్లా సందులు ఉంటాయి. ప్రతి సందులో ఒక గూడు. ఆ గూళ్ల కిందనే మగ్గం. నేసేవాడు గుంటలో కాళ్లు పెట్టుకుని పేక పోగు మోసే నాడె విసురుతుంటే నెత్తి మీద గడ్డి రాలుతుంది, రెట్ట పడుతుంది. నూలు చీర అయితే ఉతికి సర్దుకోవచ్చు. మా ఇంట్లో నూలు చీరకు పట్టు అంచు, పట్టు కొంగు నేసేవారు. పట్టు మీద రెట్ట పడి ఎండితే రంగు తింటుంది. అందుకని మగ్గం మీద పందిరిలా ఒక పాత దుప్పటి కట్టేవాళ్లం. పొద్దున వీధిలో పడుగు సాచి గంజి పెడితే అక్కడికీ వచ్చేవి. గంజి మెతుకుల కోసం ముక్కుతో పొడిచి పోగులు తెంపేవి. వీధి పిల్లల పని డబ్బాలు వాయించడం. మేము ఒక చివర వాయిస్తే అవి రెండో చివరకు పోయేవి.

అది యుద్ధం వచ్చి నూలు దొరకని ఏడు. పట్టు ఇంకా కష్టం. నూలు ఇచ్చే సావుకారి వీధిలో మూడు మగ్గాలకే పట్టు పని ఇచ్చాడు. వాటిలో మాది ఒకటి. ఎవరింటిదో పెండ్లి చీర. కొంగు నేస్తున్నారు. పచ్చని అంచు, ఎర్రని కొంగు, మధ్యలో జరీ. నాకు అప్పుడు పన్నెండేళ్లు.

ఒక పొద్దున నాయిన సావుకారి దగ్గరికి పోతూ మగ్గం చూసుకోమని నాకు చెప్పాడు. అమ్మ దుప్పటిని ఉతకడానికి విప్పింది. సరిగ్గా కొంగు మీద, దూలం సందులో పిచ్చుక గూడు. తల్లి పిట్ట వచ్చీపోయీ గడ్డిపోచలు రాలుస్తున్నది. నాయిన వచ్చేలోగా ఆ గూడు తీసేస్తే నన్ను మెచ్చుకుంటాడని అనుకున్నాను. పొడుగాటి వెదురు తెచ్చి పక్కకు తోశాను. గూడు నేను అనుకున్నట్టే పక్కకు, నేల మీద పడింది. దాని లోపల ఉన్నవి మాత్రం పక్కకు పడలేదు. మూడు గుడ్లు. చుక్కలున్న చిన్న గుడ్లు. కొంగు మీద పడి పగిలాయి. పచ్చసొన జరీ మీదుగా పాకింది.

నేను అప్పుడు చేయబోయిన పని నేతవాళ్ల ఇంట్లో పుట్టిన పిల్లవాడే చేస్తాడు. పట్టు ఇంటికి రాగానే ఉడుకు నీళ్లలో వేసి జిగురు తీయడం చిన్నప్పటి నుంచి చూశాను. పట్టుకు పట్టిందేదైనా ఉడుకు నీళ్లతోనే పోతుందని నా నమ్మకం. వాకిట్లో పొయ్యి మీద అమ్మ దుప్పటి కోసం పెట్టిన నీళ్లు కాగుతున్నాయి. గుడ్డ పట్టి చెంబుతో ముంచుకుని మగ్గం వైపు పరుగెత్తాను.

ఎదురు అరుగు మీద కండెలు చుట్టుకుంటున్న పెద్దమ్మ నా పరుగు చూసింది. రాట్నం వదిలి అడ్డం వచ్చి నా మణికట్టు పట్టుకుంది. లోపలికి తొంగిచూసి, చెంబు చేతిలోంచి తీసుకుని గడప అవతల పెట్టింది.

"ఉడుకు నీళ్లు వోస్తె గుడ్డు ఉడుకుతది, కొడుకా. పట్టుల వడి ఉడుకుతది. ఇగ జన్మల రాదు. చెయ్యి వెట్టకు. జర ఆగు."

ఆమె ఇంట్లోంచి గుప్పెడు జొన్నపిండి తెచ్చి ఆ తడి మీద పలచగా చల్లింది. పిండి తడిని తాగేదాకా మేమిద్దరం చూస్తూ కూర్చున్నాం. తర్వాత నేల మీద పడ్డ పిచ్చుక ఈక ఒకటి తీసి, దాని అంచుతో పిండిని మెల్లగా ఎత్తింది. రుద్దలేదు. మళ్లీ పిండి, మళ్లీ ఈక. తర్వాత చన్నీళ్లలో కుంకుడు నురుగు. నాకు ఏడుపు వస్తుంటే ఆమె ఈక నా చేతికిచ్చి పని చూపింది. చేయి ఆడుతుంటే ఏడుపు ఆగుతుందని ఆమెకు తెలుసు కాబోలు.

నాయిన వచ్చాడు. ఏం జరిగిందో నేను చెప్పకముందే చూశాడు. చెయ్యి ఎత్తాడు. పెద్దమ్మ లేవలేదు, తల కూడా ఎత్తలేదు.

"కొడితె పోగు తెల్లగయితదా, తమ్ముడా? కూసో. పేకల దిగింది. రెండు వేళ్ల మందం ఇప్పాలె."

నేసిన బట్టను విప్పడం నేను అంతకుముందు చూడలేదు. నాడెను వెనక్కి పంపుతూ పోగు తర్వాత పోగు తీయాలి. నేయడం కన్నా నాలుగింతలు నిదానం. మధ్యాహ్నం నుంచి పొద్దు వంగేదాకా నాయిన విప్పాడు, నేను పోగులు పట్టుకున్నాను, పెద్దమ్మ వాటిని కడిగి నీడలో ఆరవేసింది. ఇంత మంచి పని విప్పుతుంటే నాయిన ముఖం చూడలేకపోయాను. ఆమె మాత్రం మామూలుగా ఉంది. "తప్పు పోగు ఎనకకు తీసుడు గూడ నేతే," అన్నది. ఈ రోజు వరకు నా పుస్తకంలో ఒక వాక్యం కొట్టేయాల్సి వస్తే ఆ మాట గుర్తుకొస్తుంది. ఈ కాగితాల మీద కూడా కొట్టివేతలు చాలా ఉన్నాయి.

కొంగు మళ్లీ నేశారు. మరక ఎక్కడా కనపడలేదు. సావుకారికి చెప్పనక్కర లేదని నాయిన అనుకున్నాడు. చెప్పాలని పెద్దమ్మ పట్టుపట్టింది. రేపు జరీ మసకేస్తే ఆ పెండ్లివారి ముందు సావుకారి తల వంచాల్సి వస్తుందని ఆమె వాదన. చివరకు ఇద్దరూ పోయారు. నన్నూ తీసుకుపోయారు.

సావుకారి కొంగును ఎండలోకి తీసుకుపోయి రెండు వైపులా తిప్పి చూశాడు. నున్నగా ఉందని ఒప్పుకున్నాడు. చీర తీసుకున్నాడు. కానీ ఇంకొక పట్టు పడుగు మాత్రం ఇవ్వలేదు. "ఇయ్యాల మీరొచ్చి జెప్పిండ్రు, మంచిదే. మళ్ల గిట్ల కాదని ఎవరు జెప్తరు?" అని అడిగాడు.

"నేను జెప్త," అన్నది పెద్దమ్మ.

ఆయన వానలు పోయేదాకా నూలు పని చేయమన్నాడు. అప్పుడు తానే వచ్చి ఇల్లు చూస్తానన్నాడు. నెత్తి మీద ఒక్క గూడు కనపడినా ఆ పట్టు పని ఇంకొకరికి పోతుందన్నాడు.

దారిలో నాయిన నా వైపు చూడకుండా చెప్పాడు. పట్టు పోతే ముతక నూలుతో ఒక మగ్గం ఇల్లు గడపదు. రెండో మగ్గం వేయాలి. దాని మీద నేను కూర్చోవాలి. అంటే బడి లేదు. నేను అప్పుడప్పుడే చదవడం రుచి మరిగిన రోజులు. బడిలో ఉర్దూ, సాయంత్రాలు ఒక పంతులుగారి ఇంట్లో తెలుగు. ఆయన పుస్తకాల పెట్టెలో ఇంకా సగం కూడా చదవలేదు.

మర్నాడు నాయిన మట్టి కలపడం మొదలుపెట్టాడు. సందులన్నీ ఆ రోజే మూసేస్తానన్నాడు. పెద్దమ్మ వచ్చి మట్టి ముద్దను తొక్కి నిలబడింది. నవ్వు రాకుండా చెబుతున్నాను, నిజంగానే అందులో కాలు పెట్టి నిలబడింది. లోపల పిల్లలున్నాయి, మూస్తే అక్కడే చచ్చి వాసన కొడతాయి, పురుగులు దూలం నుంచి మగ్గం మీదికి దిగుతాయి, తల్లులు ఇల్లంతా తిరిగి ఇంకా పాడు చేస్తాయి అని లెక్కపెట్టి చెప్పింది. పైగా ఇక్కడ మూస్తే పక్కింటికి పోతాయి. పక్కింట్లోనూ మగ్గమే.

"మరెట్ల, అక్కా?"

"బయట ఇల్లియ్యాలె. బయట బువ్వ వెట్టాలె. అవి పోయినంక తలుపు వెయ్యాలె. గా వరసనే. వరస తప్పితె పని తప్పుతది."

కుమ్మరి దగ్గర నుంచి ఆమె ఏడు గురుగులు తెచ్చింది. పిల్లలు ఆడుకునే చిన్న కుండలు. తన ఇంటి బయటి గోడకు, చూరుబండ కింద వరసగా కట్టింది. వీధికి అదొక వేడుక అయింది. నాలుగిళ్ల అవతల ఉండే ఒక నేతగాడు రోజూ ఆగి మరీ అడిగేవాడు.

"పెద్దమ్మా, పిట్టల గృహప్రవేశం ఎన్నడు? మాకు పిలుపున్నదా?"

"ఉన్నది బిడ్డా. నోట్లె గడ్డిపోస వెట్టుకొని రా. గట్లయితెనే లోపటికి వోనిస్తరు."

పదిహేను రోజులు గడిచాయి. ఒక్క పిచ్చుక కూడా గురుగుల్లోకి పోలేదు. ఒక కాకి వచ్చి ఒకదానిలో తల పెట్టి చూసిపోయింది. ఆ నేతగాడు ఇంక అడగడం కూడా మానేశాడు, అది ఇంకా బాధగా ఉండేది. నేను ఆమె దగ్గర కూర్చుని ఆ కుండల వైపు చూస్తుండేవాడిని. అప్పుడే పంతులుగారి దగ్గర నేర్చిన మాట ఒకటి చెప్పాను. నిరీక్షణ అంటే ఎదురుచూడటం అని.

"గింత పొడుగా? ఎదురుసూసుడు అంటె సాలదా?" అని నవ్వింది. కానీ ఆ మాట ఆమెకు నచ్చింది. మర్నాటి నుంచి ఎవరడిగినా, "ఏం లేదు, నిరీక్షణ జేస్తున్న," అనేది. తర్వాత అది మా ఇద్దరికీ అలవాటయింది. నేను ఎప్పుడు ఎదురుపడినా, "ఈసారి ఏం మాట తెచ్చినవ్?" అని అడిగేది. నేనొకటి ఇస్తే తనొకటి ఇచ్చేది. నా పుస్తకంలో సగం మాటలు ఆమెవే.

పిచ్చుకలు ఎందుకు రావడం లేదో కూర్చున్న చోటు నుంచే కనిపెట్టింది. కాకి తల పట్టే ఇంట్లో గుబ్బి గుడ్లు పెట్టదు. మా దూలం సందులను వేళ్లతో కొలిచింది. రెండు వేళ్లు దూరేంత. గురుగుల మూతులు మట్టితో మూసి, పక్కన రెండు వేళ్లంత బెజ్జం మాత్రమే ఉంచింది. బెజ్జాలు నేనే మేకుతో మెల్లగా చెక్కాను. రెండు గురుగులు పగిలితే ఏమీ అనకుండా కుమ్మరి దగ్గరికి మళ్లీ పోయింది. పడమటి గోడ మధ్యాహ్నం కాలుతుందని అన్నిటినీ తూర్పు గోడకు మార్చింది.

తర్వాత కుచ్చు. గట్టు నుంచి ఆమె అన్న కొడుకు కొర్ర కంకులు తెచ్చాడు. కాడలను ఒకదానిలో ఒకటి దూర్చి జడలా అల్లి, కంకులు కిందికి వేలాడేలా కట్టింది. దాన్ని తెచ్చి మొదట ఎక్కడ కట్టిందనుకున్నారు? మా మగ్గం ఇంట్లోనే, కిటికీ దగ్గర. నాయిన తల పట్టుకున్నాడు. తోలమంటే లోపలికి పిలుస్తున్నావా అన్నాడు.

"లోపటున్నోళ్లను లోపటి నుంచే పిలవాలె," అన్నది ఆమె.

మూడు రోజులు కిటికీ దగ్గర. తర్వాత గడప మీద. తర్వాత మా చూరు కింద. తర్వాత వీధి మధ్యలో పాతిన గుంజకు. చివరకు తన తూర్పు గోడకు, గురుగుల పక్కన. ఎక్కడికి జరిపినా పొద్దెక్కకముందే, పడుగు సాచే వేళకు ముందే కట్టేది. కడుపు నిండిన పిట్ట గంజి కోసం రాదని ఆమె లెక్క. నిజంగానే పడుగుల మీద వాలేవి తగ్గాయి. డబ్బాలు వాయించే పిల్లలకు పని తప్పింది.

ఒక పొద్దున నేను పలక తీసుకుని బయటికి వస్తే, పెద్దమ్మ కదలకుండా కూర్చుని కళ్లతోనే గోడ చూపించింది. మెడ కింద నల్ల మచ్చ ఉన్న మగ పిచ్చుక మూడో గురిగి బెజ్జం దగ్గర వేలాడుతున్నది. ముక్కున పచ్చ నూలు పోగు. తల లోపలికి పెట్టి తీసింది, మళ్లీ పెట్టింది. తర్వాత మొత్తం లోపలికి పోయింది. వేళాకోళం ఆడిన నేతగాడు కూడా ఆగి చూశాడు. సాయంత్రం వచ్చి, తన ఇంటికి రెండు గురుగులు కావాలన్నాడు.

ఆ పచ్చ పోగును చూసి ఆమె మాత్రం మురిసిపోలేదు. పోగు జానెడు పొడుగుంది. ఇంతకుముందొకసారి మా మిద్దెలో ఒక పిల్ల పిట్ట కాలికి నేత పోగు చుట్టుకుని గూటి నుంచి తలకిందులుగా వేలాడింది. ఆమె నిచ్చెనెక్కి గోరుతో పోగు తెంపి దాన్ని కాపాడింది. అందుకే ఈ పచ్చ పోగు చూసిన రోజు నుంచి మగ్గాల కింద ఊడ్చిన పోగులన్నీ అడిగి తెచ్చుకుని, కత్తెరతో వేలి కణుపంత ముక్కలు చేసి, గుప్పెడు గుప్పెడుగా గోడ సందులో పెట్టేది. చుట్టుకోలేని పొడుగు అది. ఇప్పుడు మా వీధిలో ప్రతి ఇంట్లో పిల్లలు ఆ పని చేస్తారు. ఎందుకని అడిగితే కొందరికి తెలియదు కూడా.

గూళ్లు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. పిల్లలు ఎగిరిపోయిన సందును ఆ మర్నాడే నాయిన మట్టి, సున్నం పెట్టి మూసేవాడు. ఆమె పక్కన నిలబడి చెయ్యి పెట్టి చూసి, లోపల వెచ్చగా ఏమీ లేదని చెప్పాకే మూయాలి. వానాకాలం సగానికి వచ్చేసరికి ఒక్క గూడు మిగిలింది. సరిగ్గా కొంగు మీది గూడే. నేను కూలదోసిన చోటే మళ్లీ కట్టుకున్నాయి. అందులో పిల్లలు అప్పుడే కళ్లు తెరిచాయి.

అప్పుడే మా దుప్పటి చినిగి పేలికలైంది. యుద్ధం రోజుల్లో కొత్త బట్ట ఎక్కడుంది? మగ్గం మీద నూలు చీరే ఉన్నా, దాని మీద మరక పడితే సావుకారికి చెప్పడానికి మాట ఉండదు. నాయిన నిచ్చెన తెచ్చాడు. ఈసారి ఆయన ముఖంలో కోపం లేదు, భయం ఉంది. నా వైపు చూసి, "వీని సదువా, గా పిట్టలా, అక్కా?" అని అడిగాడు.

పెద్దమ్మ తన ఇంట్లోకి పోయింది. పెట్టె అడుగు నుంచి ఒక చీర తెచ్చింది. వంగపండు రంగు, పట్టు అంచు. వీధిలో అందరికీ కండెలు చుట్టిన మనిషి, ఆమెకంటూ ఉన్న పట్టంచు చీర అదొక్కటే. భర్త తన చేతితో నేసి ఇచ్చింది. దాన్ని నాలుగు మూలలా తాడు కట్టి మగ్గం మీద పందిరిగా వేసింది. నాయిన వద్దని చెయ్యి అడ్డం పెట్టాడు.

"పెట్టెల ఉంటె ఎవరికి అక్కరొచ్చింది? రెండూ గావాలె, తమ్ముడా. జర ఓపిక వట్టు," అన్నది.

పదకొండు రోజులు ఆ చీర అక్కడ ఉంది. రోజూ పొద్దున విప్పి, చన్నీళ్లలో ముంచి పిండేది, ఆరగానే మళ్లీ కట్టేది. నేను ఒక మూల పట్టుకునేవాడిని. పన్నెండో రోజు చివరి పిల్ల దూలం మీద కాసేపు వణికి, గడప దాటి, వీధి దాటి, ఆమె చూరుబండ మీద పడినట్టే వాలింది. నాయిన ఆ సందు మూశాడు. మట్టి మీద అరచేతి గుర్తు ఇప్పటికీ ఉంది. కింద మగ్గం మీది చీరకు ఒక్క చుక్క అంటలేదు. ఆమె చీర మీద మాత్రం చిన్నచిన్న తెల్లని మచ్చలు ఉండిపోయాయి. ఎన్నిసార్లు ఉతికినా పోలేదు. చుక్కల చీర అని వీధి ఆడవాళ్లు మెచ్చుకుంటే, కొత్త రకం నేత అనేది.

సావుకారి మాట ప్రకారం వచ్చాడు. మగ్గం ఇంట్లో నిలబడి పైకి చూశాడు. దూలాలు చూశాడు. బయట పిచ్చుకల సందడి విని గడపలోకి వచ్చి ఎదురు గోడ చూశాడు. కుచ్చు మీద పదో పన్నెండో వేలాడుతున్నాయి. చాలాసేపు చూసి, పట్టు పడుగు పంపుతానని నాయినతో అన్నాడు. పోతూ పోతూ పెద్దమ్మ దగ్గర ఆగి, తన నూలు కొట్లో కూడా పిట్టల పరేషాన్ ఉన్నదని మెల్లగా చెప్పాడు. ఆమె లోపలికి పోయి ఒక కుచ్చు తెచ్చి ఇచ్చింది. ముందుగాల లోపటనే కట్టాలె, మరువకు అని రెండుసార్లు చెప్పింది.

నేను బడి మానలేదు. గద్వాలలో చదువు అయిపోయాక వనపర్తికి పంపారు. పోయే రోజు ఆమె నా మూటలో కూడా ఒక కుచ్చు పెట్టింది. "బడిల పిట్టలుండయా ఏంది?" అన్నది. ఉన్నాయి. మేము ఐదుగురం ఉండే గదిలో కిటికీ పైన పుస్తకాల అరమీదనే ఒక గూడు ఉండేది. మొదటి రోజు ఒకడు కర్ర తీస్తే నేను అతని చెయ్యి పట్టుకున్నాను. ఎక్కడి నుంచి వచ్చాయో గాని, నా నోటి నుంచి ఆమె మాటలే వచ్చాయి. ఇప్పుడు మా కిటికీ బయట మూడు గురుగులు ఉన్నాయి.

రైలు దిగి ఇంటికి వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆ చుక్కల చీరనే కప్పి పంపారని అమ్మ చెప్పింది. ఎదురింటికి తాళం. రాట్నం మా ఇంట్లోకి తెచ్చి పెట్టారు. తూర్పు గోడకు ఆదివారం ఆమె కట్టిన కుచ్చు ఇంకా ఉంది. గింజ మిగలలేదు. వట్టి కాడలు. పిచ్చుకలు చూరుబండ మీద వరసగా కూర్చుని ఉన్నాయి. అరవడం లేదు, పోవడం లేదు. నిరీక్షణ అనే మాటకు అర్థం నేను పంతులుగారి దగ్గర కన్నా అక్కడ బాగా చూశాను.

ఈ ఏటికి సరిపడా కంకులు ఆమె ముందే తెప్పించి మా అటకెక్కించి ఉంచిందట. అమ్మ దించి ఇచ్చింది. నేను అల్లాను. ఆమె చేతిని ఎన్నిసార్లు చూశానో, అయినా నా జడ వంకర పోయింది, కట్టబోతే ఒక వైపు జారింది. మగ్గం చప్పుడు ఆగింది. నాయిన గుంటలోంచి లేచి బయటికి వచ్చాడు. నా చేతిలోంచి కుచ్చు తీసుకుని, రెండు కాడలు విప్పి, వెనక్కి తీసి, మళ్లీ అల్లి, పాత మేకుకే గట్టిగా కట్టాడు. ముడి వేసి, పగిలిన పెంకులో నీళ్లు పోసి, మళ్లీ మగ్గం దగ్గరికి పోయాడు.

ఇది రాస్తూ తల ఎత్తి చూస్తున్నాను. మొదటి పిచ్చుక కుచ్చు మీద వాలింది. కుచ్చు ఊగుతున్నది. మూడో గురిగి బెజ్జం లోంచి ఎర్ర పట్టు పోగు ఒకటి, వేలి కణుపంత, బయటికి వచ్చి గాలికి కదులుతున్నది. లోపల ఎవరో దాన్ని సర్దుకుంటున్నారు. ఒకసారి లోపలికి పోతున్నది, మళ్లీ కొంచెం బయటికి వస్తున్నది.